పెరుగూ పచ్చడీ కాదు, పెరుగో పచ్చడో

"అన్నంలోకి పెరుగూ పచ్చడీ ఉన్నాయి" అంటే రెండూ ఉన్నాయని. "పెరుగో పచ్చడో ఉంటుంది, చూడు" అంటే ఏదో ఒకటి ఉందని. మాట చివర దీర్ఘం తీస్తే రెండూ, ఓకారం పెడితే రెంట్లో ఒకటి. మాటలు నేర్చుకుంటున్న పిల్లలు కూడా ఇందులో పొరపడరు. పదేళ్లుగా కోడ్ రాస్తున్నవాళ్లం మాత్రం రోజూ పొరపడుతూనే ఉంటాం. తప్పంతా మనది కాదులెండి. మనం వాడే భాషల్లో చాలావాటికి నిన్నమొన్నటిదాకా దీర్ఘం ఒక్కటే వచ్చు, ఓకారం పలకడం రాదు.

క్లాసు (ఒకదానికి సంబంధించిన వివరాలన్నీ కలిపి ఉంచే అచ్చు) రాశామంటే అందులో పేరూ, ఫోన్ నంబరూ, చిరునామా అన్నీ కలిసి ఉంటాయి. అన్నీ దీర్ఘాలే. "ఫోన్ నంబరో ఈమెయిలో, రెంట్లో ఏదో ఒకటి తప్పకుండా ఉండాలి" అని చెప్పాలంటే జావా 8 నాటి క్లాసులో దానికి తిన్నని దారి లేదు. రెండు ఫీల్డులూ పెట్టి, రెంటికీ నల్ (అంటే "ఏమీ లేదు" అనే విలువ) ఒప్పుకుని, పైన ఒక కామెంట్ రాసి దేవుడి మీద భారం వేస్తాం. సీ భాషలో యూనియన్ అని ఒకటుంది, ఒకే చోట ఇదో అదో ఉంచుకోవడానికి. కానీ దానిలో ఇప్పుడు ఏది ఉందో గుర్తుపెట్టుకోవాల్సింది మనమే. పెరుగు గిన్నె అనుకుని పచ్చడి గిన్నెలో గరిటె పెట్టినా అది అడ్డు చెప్పదు.

ఈ ఓకారం పుట్టిల్లు ఫంక్షనల్ ప్రోగ్రామింగ్, అంటే ప్రోగ్రామంతా ఫంక్షన్లతో కట్టుకునే పద్ధతి. దాని పేరెత్తగానే మన ఆఫీసుల్లో చర్చ లామ్డాల (పేరులేని చిన్న ఫంక్షన్ల) మీదికో మొనాడ్‌ల మీదికో పోతుంది. అక్కడ ఒకరిద్దరు తప్ప మిగతావాళ్లంతా టీకి లేచిపోతారు. నన్నడిగితే, మామూలు కోడ్ రాసుకునేవాళ్లు ఆ ప్రపంచం నుంచి ముందుగా తెచ్చుకోవాల్సింది ఈ ఓకారాన్ని. మిగతావి తర్వాత తెచ్చుకోవచ్చు, తెచ్చుకోకపోయినా బండి నడుస్తుంది.

ముప్పై రెండు రకాల ఆర్డర్లు

కొన్నేళ్ల కిందట ఒక అమ్మకాల వెబ్‌సైట్‌కి పేమెంట్ భాగం నేను చూసేవాణ్ని. ఆర్డర్ల టేబుల్లో చెల్లింపు కోసం ఐదు కాలమ్‌లు ఉండేవి: పెయిడ్ అయిందా, ఫెయిలయిందా, రీఫండ్ అయిందా అనే మూడు బూలియన్లు (నిజమో అబద్ధమో మాత్రమే పట్టేవి), లావాదేవీ నంబరు, ఫెయిలవడానికి కారణం. చివరి రెండూ ఖాళీగా ఉండొచ్చు. ఒకేసారి ఎవరూ ఇలా తలపెట్టలేదు. మొదట పెయిడ్ ఒక్కటే ఉంది. తర్వాత ఎవరో ఫెయిల్ కలిపారు. ఆ తర్వాత పండగ ఆఫర్ల ముందు హడావిడిగా రీఫండ్ వచ్చి చేరింది.

ఒక రాత్రి ప్రొడక్షన్ (జనం వాడుతున్న అసలు సిస్టమ్) నుంచి ఫోను. ఒక కొనుగోలుదారుకి ఒకే ఆర్డర్ మీద "మీ డబ్బు అందింది" అనీ, "మీ చెల్లింపు విఫలమైంది" అనీ రెండు మెసేజ్‌లు వెళ్లాయి. టేబుల్ తెరిచి చూస్తే పెయిడ్ నిజం, ఫెయిల్ కూడా నిజం. మొదటిసారి ఫెయిలై, రెండోసారి డబ్బు కట్టినప్పుడు పెయిడ్‌ని నిజం చేసిన కోడ్, ఫెయిల్‌ని అబద్ధం చేయడం మరిచిపోయింది. అంతే.

ఆ వరుసను చూస్తూ లెక్కేశాను. ఐదు కాలమ్‌లు, ఒక్కోదానికీ రెండు అవకాశాలు: 2×2×2×2×2, అంటే 32. వీటిలో వ్యాపారపరంగా అర్థమున్నవి ఎన్ని? చెల్లింపు ఇంకా పెండింగ్‌లో ఉంది. డబ్బు వచ్చింది, లావాదేవీ నంబరు ఉంది. ఫెయిలయింది, కారణం ఉంది. వచ్చిన డబ్బు తిరిగిచ్చాం, నంబరు ఉంది. మొత్తం నాలుగు. మిగతా 28 ఉండకూడనివి. కానీ మన టేబులు, మన క్లాసు ఆ 28నీ చేతులు చాచి లోపలికి పిలుస్తున్నాయి. వాటిని బయటే ఆపడానికి కోడంతా ఇఫ్‌లు, అంటే షరతుల తనిఖీలు. ఒక్క ఇఫ్ మరిచిపోతే అర్ధరాత్రి ఫోను.

ఇదే విషయాన్ని ఓకారంతో రాస్తే ఇలా ఉంటుంది. ఏ ఒక్క భాషదీ కాదు, ఎంఎల్ అనే భాష ధోరణిలో తెలుగులో రాస్తున్నాను (టైపు అంటే విలువ ఏ రకమో చెప్పేది, నిలువు గీత అంటే "లేదా"):

టైపు చెల్లింపు =
  | పెండింగ్
  | వచ్చింది (లావాదేవీ_నంబరు)
  | ఫెయిలైంది (కారణం)
  | తిరిగిచ్చాం (లావాదేవీ_నంబరు)

చెల్లింపు అంటే పెండింగో, వచ్చిందో, ఫెయిలైందో, తిరిగిచ్చిందో. 1+1+1+1, నాలుగే. వచ్చిందీ ఫెయిలైందీ ఒకేసారి అని రాయడానికి చోటే లేదు. కారణం ఫెయిలైన చెల్లింపుకే ఉంటుంది, లావాదేవీ నంబరు లేకుండా "వచ్చింది" అన్నదాన్ని సృష్టించలేం. దీర్ఘం అవకాశాల్ని గుణిస్తుంది, ఓకారం కూడుతుంది. పుస్తకాల్లో ప్రొడక్ట్ టైపు, సమ్ టైపు అని పేర్లు పెట్టింది ఇందుకే. ఆ పేర్లు విన్నప్పుడు ఏదో బీజగణితం అనుకుని భయపడతాం గానీ లోపల ఉన్నది మూడో తరగతి లెక్క.

యూపీఐ వాడేవాళ్లకి ఇది చేత్తో పట్టుకున్నంత తెలుసు. డబ్బు పంపితే వెళ్లిందో లేదో అన్న రెండే ఉండవు, పెండింగ్ అని మూడోది ఒకటుంది. మన ఖాతాలో కట్ అయి, కిరాణా కొట్టు స్పీకరు పలకకపోతే, కొట్టాయనా మనమూ ఆ ఫోను వంకే చూస్తూ నిలబడతాం. ఆ మూడోదాన్ని బూలియన్లో ఇరికించాలని చూసిన ప్రతి కోడూ ఎక్కడో ఒకచోట ఎవరి డబ్బుకో రెండుసార్లు ఎసరు పెడుతుంది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1970ల్లో ఎడిన్‌బరోలో రాబిన్ మిల్నర్ బృందం చేసిన ఎంఎల్, ఆ తర్వాత అదే ఊళ్లో పుట్టిన హోప్ భాషల దగ్గర నుంచి ఇది వస్తోంది. మన రోజువారీ భాషల్లోకి రావడానికే నలభై ఏళ్లు పట్టింది. 2015లో స్థిరపడిన రస్ట్‌లో ఈనమ్ పేరుతో మొదట్నుంచీ ఉంది. కోట్లిన్‌లో సీల్డ్ క్లాసు. టైప్‌స్క్రిప్ట్‌లో 2016 నుంచి, ఒక ఫీల్డు విలువని బట్టి మిగతా ఆకారాన్ని తేల్చే యూనియన్లు. జావాలో సీల్డ్ ఇంటర్‌ఫేస్‌లు 2021లో జావా 17తో వచ్చాయి, వాటిని స్విచ్‌లో (విలువని బట్టి దారి ఎంచుకునేచోట) విప్పి చూసుకునే సౌకర్యం 2023లో జావా 21తో స్థిరపడింది. పైథాన్ 3.10లో అలాంటి పనికే మ్యాచ్ వచ్చింది.

అసలు లాభం ఆర్నెల్ల తర్వాత తెలుస్తుంది. కొనుగోలుదారు బ్యాంకులో ఫిర్యాదు చేసిన చెల్లింపుల కోసం "వివాదంలో ఉంది" అని ఐదోది కలపాల్సి వచ్చిందనుకోండి. టైపులో ఒక గీత కలపగానే కంపైలర్ (కోడ్‌ని నడిపేముందు తనిఖీ చేసే ప్రోగ్రాం) ఎర్రగా మెరుస్తుంది: రసీదు పంపేచోట దీన్ని చూడలేదు, నెలవారీ రిపోర్టులో చూడలేదు, కస్టమర్ కేర్ తెరమీద చూడలేదు. చేయాల్సిన పనుల జాబితా దానంతట అదే తయారవుతుంది. ఒక్క షరతు: స్విచ్ చివర డిఫాల్ట్ అని రాయకూడదు. డిఫాల్ట్ ఉంటే కంపైలర్ "సరే, ఏదొచ్చినా అక్కడికి పంపుతా" అని నోరు మూసుకుంటుంది. పైథాన్‌లో పరిస్థితి ఇంకాస్త సున్నితం. మ్యాచ్‌లో ఒక కేసు మరిచిపోతే అది నిశ్శబ్దంగా దాటిపోతుంది. మైపై లాంటి టైప్ చెకర్ పెట్టుకుని, చివర్న అసర్ట్ నెవర్ రాసుకుంటేనే పట్టుకుంటుంది.

ఉందో లేదో

ఓకారాల్లో అన్నిటికంటే చిన్నది ఇది. విలువ ఉందో లేదో. ఎంఎల్ కుటుంబంలో ఆప్షన్ అంటారు, హాస్కెల్‌లో మేబీ. మనం దీనికి బదులు నల్ వాడుతూ వచ్చాం. 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే భాష రూపొందిస్తూ, అమలు చేయడం తేలిక కదా అని నల్‌ని పెట్టింది టోనీ హోర్. 2009లో ఆయనే లండన్‌లో ఒక సమావేశంలో దాన్ని తన బిలియన్ డాలర్ల పొరపాటుగా చెప్పుకున్నాడు.

నల్‌తో గొడవ అది "లేదు" అని చెప్పడం కాదు. లేకపోవడం సహజమే. ఏ విలువ లేకుండా ఉండొచ్చో, ఏది తప్పక ఉండాలో టైపు చూసి చెప్పలేకపోవడమే గొడవ. జావాలో స్ట్రింగ్ (అక్షరాల వరస) అంటే "స్ట్రింగో నల్లో" అని అర్థం. ఆ "నల్లో" ఎక్కడా పలకరు, అన్నిచోట్లా ఉంటుంది. ఇంట్లో ఎవరూ పేరెత్తని బంధువులాగా.

దీన్నే తిరగేసి చూస్తే, తప్పక ఉండాలని టైపు గట్టిగా చెప్పడమూ తప్పే కావచ్చు. విదేశీ వెబ్‌సైట్లలో ఇంటిపేరు గడిని ఖాళీగా వదలనివ్వరు. ఒక్క పేరే ఉన్నవాళ్లు అక్కడ చుక్క పెట్టో, అదే పేరు రెండుసార్లు కొట్టో బయటపడతారు. ఆ చుక్క డేటాబేసులో నిజమైన ఇంటిపేరుగా కూర్చుంటుంది. పుట్టుకలోనే ఓకారం ఉన్నచోట దాన్ని లేదనుకుంటే, జనం అబద్ధం రాసి అయినా ముందుకు పోతారు.

జావాలో ఈ "ఉందో లేదో"కి ఆప్షనల్ అనేది 2014 మార్చిలో, జావా 8తో వచ్చింది. మా టీములోనూ వెంటనే వాడేశాం, వెంటనే దెబ్బలూ తిన్నాం. ఒకటి చెబుతాను. మెమరీలో దాచుకున్న వివరాలు ఉంటే వాడుకో, లేకపోతే డేటాబేసు నుంచి తెచ్చుకో అని రాయాలి. ఆప్షనల్‌లో ఆర్‌ఎల్స్ అనే మెథడ్ (ఫంక్షన్) కనిపించింది, దాని బ్రాకెట్లలో డేటాబేసు పిలుపు పెట్టాం. చదవడానికి ముచ్చటగా ఉంది. టెస్టులన్నీ పాసయ్యాయి. డేటాబేసు మీద లోడు మాత్రం ఒక్క చుక్క తగ్గలేదు. ఎందుకంటే ఆర్‌ఎల్స్ కూడా మామూలు మెథడే. దాన్ని పిలిచేముందే లోపల ఇచ్చిన వాదం (ఆర్గ్యుమెంట్) లెక్కకట్టాల్సిందే. విలువ ఉన్నా లేకున్నా డేటాబేసు దగ్గరికి వెళ్లొచ్చి, తెచ్చింది అవతల పారేస్తుంది. కావాల్సింది ఆర్‌ఎల్స్‌గెట్. దానికి విలువ ఇవ్వం, అవసరమైతే విలువ ఎలా తెచ్చుకోవాలో చెప్పే ఫంక్షన్ ఇస్తాం. మొత్తం తేడా ఒక లామ్డా.

ఆప్షనల్ లోపలి విలువని గెట్ అని లాగేస్తే నల్‌కీ దీనికీ తేడా లేదు, ఎక్సెప్షన్ (తప్పు జరిగితే ప్రోగ్రాం విసిరే సంకేతం) పేరు మారుతుందంతే. మూత తీయకుండా లోపలిదాన్ని మార్చుకునే మార్గం మ్యాప్: ఉంటే ఈ ఫంక్షన్ చెయ్, లేకపోతే లేనట్టే ఉండనీ. ఆ ఫంక్షన్ కూడా ఒక ఆప్షనలే తెచ్చిందనుకోండి, డబ్బాలో డబ్బా అవుతుంది. ఆ రెండు మూతల్నీ ఒకటి చేసేది ఫ్లాట్‌మ్యాప్. యూజర్ ఉంటే అతని చిరునామా, చిరునామా ఉంటే దాని పిన్‌కోడు, అలా ఇఫ్‌లు లేకుండా దిగుతూ పోవచ్చు. ఇంత చెప్పాక, మొనాడ్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే "ఫ్లాట్‌మ్యాప్ పద్ధతిగా చేయగలిగినది" అని చెప్పి పనిలో పడిపోవచ్చు. గణితం వాళ్లు నొచ్చుకుంటారు, కానీ సోమవారం పొద్దున స్టాండప్ మీటింగ్‌కి అది చాలు.

ఫలితమో తప్పో

ఉందో లేదో అన్నది చాలని చోట్లు ఉంటాయి. ఎందుకు లేదో కూడా కావాలి. దానికి రిజల్ట్, హాస్కెల్‌లో ఈదర్. ఎక్సెప్షన్లు ఉండగా ఇదెందుకు అంటే, ఎక్సెప్షన్ చాలాసార్లు ఫంక్షన్ పేరు చూస్తే కనిపించదు. బస్సెక్కేటప్పుడు టికెట్ మీద రాయని ఊళ్లో దింపేసినట్టు, మూడు మెట్లు పైన ఎక్కడో తేలుతుంది.

గో భాష ఎక్సెప్షన్లని వద్దనుకుని, ఫలితమూ ఎర్రరూ రెంటినీ కలిపి తిరిగిస్తుంది. గమనించారా, ఫలితమూ ఎర్రరూ. ఓకారం ఉండాల్సినచోట దీర్ఘం. అందువల్ల నాలుగు కలయికలు వస్తాయి, రెంటికే అర్థముంది. అందుకే గో కోడ్ నిండా "ఎర్రర్ నల్ కాకపోతే" అన్న మూడు వరుసలు. అయితే పూర్తిగా తప్పని తేల్చేయలేం. గోలో డేటా చదివే రీడ్ ఫంక్షన్, కొన్ని బైట్లు ఇచ్చి, అదే పిలుపులో "డేటా అయిపోయింది" అనే ఎర్రర్ కూడా ఇవ్వొచ్చని నియమం. అక్కడ నిజంగా రెండూ ఉన్నాయి, దీర్ఘమే సరి. ఏది దీర్ఘమో ఏది ఓకారమో డేటాని అడగాలి, భాషని కాదు.

టైపు ఎంత మంచిదైనా మనం మూత పీకి పారేస్తే ఏమీ చేయలేదు. 2025 నవంబరు 18న, ఎన్నో వెబ్‌సైట్లకి ముందు కాపలాగా నిలబడే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ తడబడి ప్రపంచమంతా ఎన్నో సైట్లు తెరుచుకోలేదు. బాట్‌లని (మనుషులు కాక సైట్లు తెరిచే ప్రోగ్రాంలని) గుర్తుపట్టే ఫైలు ఉండాల్సినదానికంటే పెద్దదైంది. అందులో ఉండదగిన అంశాలకి 200 అని పెట్టుకున్న పరిమితి దాటింది. దాన్ని చదివే రస్ట్ కోడ్‌కి రిజల్ట్ సక్రమంగానే "తప్పు" అని చెప్పింది. ఆ రిజల్ట్ మీద అన్‌ర్యాప్ అని రాసి ఉంది. అన్‌ర్యాప్ అంటే "తప్పు రాదులే, వస్తే ప్రోగ్రాం కూలిపోనీ". కూలిపోయింది. అన్‌ర్యాప్ కనీసం కోడ్‌లో కంటికి కనిపిస్తుంది, వెతికి పట్టుకోవచ్చు. మౌనంగా జారిపోయే నల్ కంటే అదే నయం అంటాను నేను.

రిజల్ట్‌ని ఫ్లాట్‌మ్యాప్‌తో గొలుసు కడితే మొదటి తప్పు దగ్గరే ఆగిపోతుంది. పేమెంట్‌కి అదే కావాలి. ఫారమ్‌కి అది శాపం. దరఖాస్తు నింపి సబ్మిట్ కొడితే "పిన్‌కోడ్ తప్పు". దిద్ది కొడితే "ఫోన్ నంబరు తప్పు". అదీ దిద్దితే "సెషన్ ముగిసింది". ఇలాంటిచోట తప్పులన్నీ ఒక జాబితాలో పోగుచేసి ఒకేసారి చూపించే రకం వేరే ఉంది, చాలా లైబ్రరీల్లో దాని పేరు వ్యాలిడేషన్. ఒక తనిఖీకి ఇంకోదాని ఫలితం అవసరమైతే గొలుసు, అవసరం లేకపోతే పోగు. కోడ్ రివ్యూల్లో నేను ఎక్కువగా రాసే వాక్యం ఇదేనేమో.

గుమ్మం దగ్గరే

బయటి నుంచి వచ్చేదంతా స్ట్రింగే. ఐఎఫ్ఎస్‌సీ కోడ్ చూడండి: పదకొండు అక్షరాలు, మొదటి నాలుగు బ్యాంకువి, ఐదోది ఎప్పుడూ సున్నా, మిగతా ఆరు శాఖవి. జనం ఆ సున్నా చోట ఓ అనే ఇంగ్లీషు అక్షరం కొడతారు. దాన్ని స్ట్రింగ్‌గానే లోపలికి రానిస్తే ప్రతి ఫంక్షనూ అనుమానంతో మళ్లీ తనిఖీ చేయాలి, లేదా ముందున్నవాడు చేసుంటాడులే అనుకోవాలి. బదులుగా ఐఎఫ్ఎస్‌సీ అని ఒక చిన్న టైపు పెట్టి, దాన్ని తయారుచేసే దారి ఒక్కటే ఉంచండి: స్ట్రింగ్ ఇస్తే ఐఎఫ్ఎస్‌సీనో తప్పో తిరిగిచ్చే ఫంక్షన్. ఆ గుమ్మం దాటి లోపలికొచ్చినదాన్ని ఇంకెవరూ అనుమానించక్కర్లేదు.

రూపాయలకీ పైసలకీ కూడా ఇదే వైద్యం. రెండూ పూర్ణాంకాలే అయితే కంపైలర్ వాటిని సంతోషంగా కలిపేస్తుంది. 1999 సెప్టెంబరు 23న నాసా వాళ్ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ కుజుడి దగ్గర నాశనమైంది ఇలాంటి కలగాపులగంతోనే. ఒక సాఫ్ట్‌వేర్ తోపుడు లెక్కని పౌండ్లలో ఇచ్చింది, అందుకున్నది న్యూటన్లు అనుకుంది. సంఖ్యకి కొలత ఏదో సంఖ్యలోనే ఉండదు కదా.

ఉన్న విలువల్ని మార్చకుండా ఉండటం, జాబితాల మీద మ్యాప్, ఫిల్టర్ లాంటివాటి గురించి ఎక్కువ చెప్పను, ఇప్పటికే అందరూ వాడుతున్నారు, కొందరు అతిగా. పైథాన్‌లో జాబితా మీద సార్ట్ పిలిస్తే ఉన్నదాన్నే వరుసలో పెట్టేసి నన్ ("ఏమీ లేదు") ఇస్తుంది. సార్టెడ్ కొత్త జాబితా ఇస్తుంది. ఈ రెంటి తేడా తెలియక ఒక మధ్యాహ్నం పోగొట్టుకోని వాళ్లుంటే చేతులెత్తండి. ఇక జాబితానంతా ఒక్క విలువగా కుదించే రెడ్యూస్ అంటే పైథాన్ సృష్టికర్త గిడో వాన్ రాసమ్‌కే గిట్టక, పైథాన్ 3లో దాన్ని ముందువరస నుంచి తీసి ఫంక్‌టూల్స్ అనే లైబ్రరీలో పెట్టాడు. నాదీ అదే పక్షం. తొమ్మిది మ్యాప్‌ల గొలుసు కంటే నాలుగు వరుసల ఫర్ లూపు చదవడం సుఖం.

ఒకటి మాత్రం వదల్లేను. లెక్క చేసే ఫంక్షన్ లోపల "ఇప్పుడు ఎంతయింది" అని గడియారాన్ని అడగకండి. ఆలస్య రుసుము లెక్కలో ఒకసారి అలా రాశాం. సర్వరు యూటీసీలో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో, నడుస్తోంది. మన రాత్రి పన్నెండు నుంచి తెల్లారి ఐదున్నర దాకా దానికి ఇంకా నిన్నే. గడువు దాటాక తెల్లవారుజామున కట్టినవాళ్లకి రుసుము పడదు, పొద్దెక్కాక కట్టినవాళ్లకి పడుతుంది. తేదీని వాదంగా ఇచ్చాక ఫంక్షన్‌కి గడియారంతో పనిలేదు, ఏ తేదీతోనైనా టెస్టు రాసుకోవచ్చు. గడియారాన్ని అడిగే పని అంచున ఒక్కచోటే మిగిలింది, ఏ టైమ్‌జోన్ అన్నది అక్కడే తేల్చాం.

ఆ ఐదు కాలమ్‌ల ఆర్డర్ల సంగతి. టేబులు మార్చడానికి అనుమతి రాలేదు, రిపోర్టుల టీము వాటిమీదే ఆధారపడి ఉంది. అందుకని వరుసని చదివేచోట ఒక్క ఫంక్షన్ రాశాం. ఐదు కాలమ్‌లు తీసుకుని, నాలుగు చెల్లింపుల్లో ఒకటో, "ఇది ఏదీ కాదు" అనే తప్పో ఇస్తుంది. పాత డేటా మొత్తాన్ని దాని గుండా నడిపితే ఏ గూటికీ చెందని వరుసలు బయటపడ్డాయి. పెయిడూ ఫెయిలూ రెండూ నిజమైనవే ఎక్కువ. రీఫండ్ అయ్యి, లావాదేవీ నంబరు లేనివి కొన్ని. చెల్లింపులు నడిపే గేట్‌వే కంపెనీ స్టేట్‌మెంటు పక్కన పెట్టుకుని అకౌంట్స్ ఆవిడా నేనూ ఒక్కొక్కటే దిద్దుకుంటూ వెళ్లాం. "ఇది వచ్చిందా, రాలేదా, ఒక్క మాట చెప్పండి" అని ఆవిడ, "వచ్చిందండీ, కానీ రాలేదని కూడా ఉంది" అని నేను.

ఆ కాలమ్‌లు ఇంకా అక్కడే ఉన్నాయట. వాటిని తీసేయాలన్న టికెట్ (నమోదు చేసిన పని) నేను ఆ ఉద్యోగం మానేసేనాటికి నా పేరుమీదే పెండింగ్‌లో ఉంది.